కార్స్‌బ్రెక్ కర్లింగ్ ఫొటో కొనబోయే వారికి హెచ్చరిక

పాత ఫొటోలకు ఫ్రేము కట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఆ దుకాణం ఏదో స్కాట్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లకు వేరుగా చెప్పనక్కర్లేదు. హాలు గోడకు పెట్టుకుందామని వారి దగ్గర 280 పౌండ్లకు కొన్న కర్లింగ్ (గడ్డకట్టిన నీటి మీద గ్రానైట్ రాళ్లను జార్చి ఆడే ఆట) ఫొటో అసలుది కాదని నిన్న తేలింది.

1935లో కార్స్‌బ్రెక్ చెరువు మీద గ్రాండ్ మ్యాచ్ అనే పెద్ద కర్లింగ్ పోటీ జరిగినప్పటి అసలు సిల్వర్ జెలటిన్ ప్రింటు (సిరాతో అచ్చువేసినది కాక, వెండి లవణాల పూత ఉన్న కాగితం మీద రసాయనాలతో తీసిన ఫొటో) అని వారు రాతపూర్వకంగా చెప్పారు. పెర్త్‌షైర్‌లోని ఆ చెరువు మీద 1853 నుంచి జరుగుతూ వచ్చిన గ్రాండ్ మ్యాచ్‌లలో చివరిది అదే. ఆటగాళ్లు దిగడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక రైల్వే స్టేషను కూడా ఉండేది. ఆరుబయట గడ్డకట్టిన నీటి మీద ఆ పోటీ 1979లో లేక్ ఆఫ్ మెంటీత్ అనే సరస్సు మీద జరిగిన తరువాత మళ్లీ జరగనే లేదు. ఇక చూడలేని ఆటకు ఆనాటి కాగితమే సాక్ష్యంగా మా ఇంట్లో ఉండాలని అంత డబ్బు పెట్టాను.

ఫొటోకు అడ్డంగా ఒక మడత గీత ఉంది. ఫ్రేము విప్పి వేలితో తడిమితే ఆ గీత చేతికి తగలలేదు. ఎవరి దగ్గరో ఉన్న అసలు ఫొటోను స్కాన్ చేసి, దాని మడతతో సహా సిరాతో అచ్చువేశారన్నమాట. భూతద్దం పెడితే ఆటగాళ్ల చేతుల్లోని మంచు ఊడ్చే చీపుర్లు, గ్రానైట్ రాళ్ల అంచులు సన్నని రంగు చుక్కలుగా విడిపోయాయి. యువీ (అతినీలలోహిత) టార్చి వేస్తే కాగితం నీలంగా వెలిగింది. అలా వెలిగించే తెల్లదనపు రసాయనాలు 1950ల ప్రాంతం నుంచే ఫొటో కాగితాల్లోకి వచ్చాయి.

ఇవన్నీ ఫొటోలు తీసి పంపితే వచ్చిన జవాబు చదివి నాకు ఒళ్లు మండిపోయింది. "వెనక అట్ట విప్పారు కాబట్టి వాపసు తీసుకోము. అయినా గోడకు తగిలించుకునేదానికి పాతదైతే ఏమిటి, కొత్తదైతే ఏమిటి?" అని రాశారు. అట్ట విప్పకుండా కాగితం వయసు ఎవరికీ తెలియదు, విప్పితే వాపసు లేదు. అంటే మోసం బయటపడే దారినే ముందుగా మూసిపెట్టుకున్నారు. కొత్త ప్రింటు అని చెప్పి 20 పౌండ్లకు అమ్మి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. అబద్ధం చెప్పి అమ్మి, పట్టుకున్న మనిషి అభిరుచిని చులకన చేయడం క్షమించరానిది. మరోసారి రాయబోతే నా ఖాతాను బ్లాక్ చేశారు.

చెప్పిన వర్ణనకు సరిపోని వస్తువును 30 రోజుల్లోగా తిప్పి పంపే హక్కు ఇక్కడి, అంటే బ్రిటన్‌లోని, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ఇస్తుంది; వ్యాపారి సొంత షరతులు దాన్ని రద్దు చేయలేవు. 100 పౌండ్లు దాటిన కొనుగోలుకు క్రెడిట్ కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి కాబట్టి వారికి ఈ రోజే ఫిర్యాదు పంపాను. మీరు కొనే ముందు ఫ్రేము లేకుండా తీసిన ఫొటో, కాగితం వెనక వైపు ఫొటో తప్పక అడగండి. పంపడానికి ఒప్పుకోకపోతే కొనకండి.