కోపం తగ్గిస్తామని సూదుల ప్యాకేజీ: నల్లగొండ వాళ్లు కాస్త జాగ్రత్త

నల్లగొండలో, చుట్టుపక్కల మండలాల్లో కోపానికి ఆక్యుపంక్చర్ (ఒంటికి సన్నటి సూదులు గుచ్చే వైద్యం) చేయించుకుందాం అనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. 20 సిట్టింగుల ప్యాకేజీకి నేను 18,000 ఒకేసారి కట్టాను. ఏడో సిట్టింగ్‌లో మధ్యలోనే లేచి వచ్చేశాను.

నాది మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు వరసగా వచ్చి పడతాయి. బత్తాయి తోట ఎండుతోందని రైతు గుమ్మంలోనే కూర్చుని పది నిమిషాలకోసారి "ఇంకెంతసేపన్నా?" అంటాడు. ఆయన తప్పేం లేదు, నా నోరే ఆగదు. మొన్న ఏప్రిల్‌లో, వార్నిష్ ఆరకముందే మోటార్ బిగించాడని పని నేర్చుకునే పిల్లగాడి మీదికి సుత్తె విసిరాను. తగల్లేదు. కానీ తెల్లారి వాడు పనికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి జీతం లెక్క చూసుకుని, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఇంటామె గట్టిగా పట్టుబట్టింది, ఏదో ఒకటి చేయించుకోవాల్సిందేనని. మా బామ్మర్ది ఫోన్‌లో ఒక ఆక్యుపంక్చర్ సెంటర్ రీల్ చూపించాడు. "మందుల్లేవు బావా, సైడ్ ఎఫెక్ట్స్ లేవు. గ్యారంటీ అంట."

గ్యారంటీ అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. చుట్టిన మోటార్‌కే నేను ఆరు నెలలకు మించి ఇవ్వను, మనిషికి ఎవరిస్తారు?

అక్కడ కూర్చున్నాయన మాటకారి. చైనా వైద్యంలో కోపానికీ లివర్‌కూ సంబంధం చెప్తారని వివరించాడు. అది ఆయన కల్పన కాదు, ఆ వైద్యంలో ఉన్నదే. పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ నడుమ సందుకు కొంచెం పైన ఒక సూది, మణికట్టు ముడత దగ్గర చిటికెనవేలి వైపు ఒకటి, కనుబొమల మధ్య ఒకటి. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత ఆ చోట బరువుగా లాగినట్టు అనిపిస్తుంది. 20 నిమిషాలు అలా పడుకోవాలి. మొదటి మూడు రోజులు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. అందులో సగం హాయి ఫోన్ లేకుండా ఏసీ గదిలో కదలకుండా పడుకున్నందుకేనని నా అనుమానం. షాపులో ఆ భాగ్యం ఎక్కడిది?

నాలుగో రోజు నుంచి ఆయన లేడు, ఒక కుర్రాడు వచ్చాడు. ఏడో రోజు వాడు సూదులు స్టీల్ డబ్బాలోంచి తీశాడు. స్పిరిట్‌లో తడిసిన దూది మీద వరసగా పేర్చి ఉన్నాయి. మొదటి రోజు కవర్ చింపి తీయడం నేను చూశాను, ఇప్పుడు కవరే లేదు. ఆ సూది దాదాపు సీలింగ్ ఫ్యాన్‌కు చుట్టే కాపర్ వైరంత సన్నం. పొద్దస్తమానం అలాంటి వైరే వేళ్ల మధ్య ఆడించేవాణ్ణి. కొత్త వైరేదో విప్పిన వైరేదో కళ్లు మూసుకుని చెప్తాను. ఒకసారి వంగింది ఎంత సాగదీసినా చిన్న వంపు ఉండిపోతుంది. వాడి చేతిలోని సూదికి మొనకు కాస్త పైన ఆ వంపు ఉంది. "ఇది ఎవరికి వాడిందిరా?" అన్నాను. "కడిగినం అన్నా" అన్నాడు.

స్పిరిట్‌లో ముంచితే సరిపోదు. ఆ సూది ఒకసారి వాడి పారేయాల్సింది. ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ దాకా అంటుకునే ప్రమాదం ఉంది.

రెండో సంగతి ఇంకా ఘోరం. "లివర్ శుద్ధి అవుతోంది, ఇంగ్లిష్ మందు కలిస్తే పని చేయదు" అని మొదటి రోజే నా బీపీ గోలీ ఆపించాడు. నేనూ ఆపాను, బుద్ధి లేక. లేచి వచ్చేసిన రోజు సాయంత్రం తల పగిలిపోతుంటే మెడికల్ షాపులో చూపించుకున్నాను, 170 మీద 110. ఎదురుగా కూర్చున్న మా ఇంటామె ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయమేసింది.

తెల్లారి డబ్బు వాపసు అడగడానికి పోయాను. గొంతు లేచింది, ఒప్పుకుంటున్నాను. ఆయన నవ్వుతూ అన్నాడు: "చూసినవా అన్నా, ఈ కోపమే. నీకు ఇంకో పది సిట్టింగులు కావాలె." జీవితంలో అంత కోపం నాకు ఎన్నడూ రాలేదు. చేతిలో సుత్తె లేకపోవడం ఇద్దరి అదృష్టం.

గోడకు ఒక కాగితం అంటించి పెట్టాడు, 2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను గుర్తించిందని. నిజమే. గుర్తింపు ఆ వైద్యానికి, ఆయనకు కాదు. ఎక్కడ నేర్చుకున్నావంటే మాట దాటేశాడు.

తర్వాత గవర్నమెంట్ ఆసుపత్రిలో చూపించుకున్నాను. డాక్టరమ్మ ముందు నిద్ర ఎంతని అడిగింది, తాగుడు ఎంతని అడిగింది, థైరాయిడ్ పరీక్ష రాసింది. అది ఎక్కువైనా మనిషి ఊరికే చిరాకు పడతాడట. ఆక్యుపంక్చర్‌ను ఆమె తీసిపారేయలేదు. కొత్త సూదులతో, సరిగా నేర్చుకున్నవాళ్ల దగ్గర, మందులకు తోడుగా చేయించుకుంటే అభ్యంతరం లేదంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలట. ఛాతీ మీద, వీపు పైభాగాన లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం కూడా ఉందట, అరుదే అయినా. కోపం గురించి మాట్లాడాలంటే 14416 టెలీ మానస్ అని గవర్నమెంట్ వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉందని నంబర్ రాసిచ్చింది. పైసా ఖర్చు లేదు. రెండుసార్లు చేశాను, తెలుగులోనే మాట్లాడారు.

ఇప్పటికీ సూదుల మీద నమ్మకం ఉన్నవాళ్లు వెళ్లండి, నేను ఆపను. ప్యాకేజీ మాత్రం కట్టకండి, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వండి. సీల్ మీ కళ్ల ముందు చింపమనండి. వాడిన సూదిని ఎందులో పడేస్తున్నారో చూడండి. గోలీలు ఆపమన్నారంటే అక్కడే చెప్పులు వేసుకుని బయటికి రండి. రసీదు తప్పకుండా అడగండి. నా దగ్గర రసీదు ఉంది కాబట్టే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించగలిగాను. ఇది జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌దాకా పోయేలా ఉంది, అందుకే ఆ సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు.

మొదటి రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. కానీ ఇలాంటివి వెంటనే బయటపడవు కాబట్టి మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేయించుకోమన్నారు, హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేశారు. ఈ ఎండాకాలంలో ఎక్కడైనా సరే స్టీల్ డబ్బాలోంచి తీసిన సూదులతో చేయించుకున్నవాళ్లు ఉంటే, బాగానే ఉన్నాం కదా అని ఊరుకోకుండా వెళ్లి రక్తం ఇవ్వండి.