చర్చ్ స్ట్రీట్ అలమరలో అంగారకుడు: బ్లాసమ్ బుక్ హౌస్, బెంగళూరు

పాతకాలపు అంతరిక్ష సాహస కథలు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయని తెలుగు మిత్రులెవరు అడిగినా నేను తడుముకోకుండా చెప్పే పేరు బ్లాసమ్ బుక్ హౌస్. ఎం.జి. రోడ్డు మెట్రో స్టేషనులో దిగి, బ్రిగేడ్ రోడ్డుకూ సెయింట్ మార్క్స్ రోడ్డుకూ నడుమ సాగే చర్చ్ స్ట్రీట్‌లోకి నడిస్తే చాలు. కొత్త పుస్తకాలూ, చేతులు మారిన పుస్తకాలూ రెండూ అమ్ముతారు గానీ నన్ను అక్కడికి లాక్కువెళ్ళేవి ఆ రెండో రకానివే.

ఈ దుకాణం విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది ఒక చేదు అనుభవం తరువాత. ఎడ్గార్ రైస్ బరోస్ రాసిన అంగారక కథల్లో మొదటిదాన్ని, అంటే 1912లో పత్రికలో ధారావాహికగా వెలువడిన దాన్ని, ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించుకున్నాను. అట్ట నిగనిగలాడుతోంది. లోపల మాత్రం ఏదో పాత ప్రతిని స్కాన్ చేసి, ఎవరూ ప్రూఫులు దిద్దకుండానే అచ్చు వేశారు. కొన్ని పంక్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, మధ్యలో పదహారు పుటలు అసలే లేవు. నాలుగు చేతుల ఆకుపచ్చ యోధుల మధ్య నిలిచిన కథానాయకుడు జాన్ కార్టర్ ఏమయ్యాడో తెలియకుండానే పుస్తకం మూసేయవలసి వచ్చింది. మరుసటి ఆదివారం బ్లాసమ్‌లో అదే నవల పాత ప్రతి కనబడింది. కాగితం టీ రంగుకు తిరిగింది, మొదటి పుటలో ఎవరో పెన్సిలుతో పెట్టుకున్న పొడి అక్షరాలు ఉన్నాయి, అయినా పుటలన్నీ భద్రంగా ఉన్నాయి. అంగారకుడి మీద గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అడుగు వేయబోయిన కథానాయకుడు గాల్లోకి ఎగిరిపడే ఘట్టాన్ని అలమర పక్కనే నిలబడి మళ్ళీ చదువుకుని, ఆ తరువాతే డబ్బు కట్టాను. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, వెన్ను విరిగిందా, పుటలు ఊడాయా అని చూసుకుని కొనే వీలు ఈ రకం సాహిత్యానికి ఎంత అవసరమో ఆ రోజు అర్థమైంది.

సైన్స్ ఫిక్షన్ అలమరల ముందు నేను గంటకు తక్కువ ఎప్పుడూ గడపలేదు. ఈ రకం కథలకు ఆద్యులైన హెచ్. జి. వెల్స్, జూల్స్ వెర్న్ సులభంగానే దొరుకుతారు. ఇ. ఇ. స్మిత్ పుస్తకాలకు మాత్రం కొంత అదృష్టం కూడా కలిసిరావాలి. నక్షత్రాల నడుమ నౌకలను పరుగెత్తించే కథను 1928లో పత్రికకెక్కించి ఒక ఒరవడి పెట్టిన ఈ రచయిత వృత్తిరీత్యా ఆహార రసాయన శాస్త్రవేత్త, డోనట్ల పిండి మిశ్రమాల మీద పనిచేసిన మనిషి. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి ఆయన మీద నా అభిమానం రెట్టింపయింది.

నాకు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైనవి ఒకరి పాత్రలను మరొకరి లోకంలోకి తెచ్చి ఆడించే కలగలుపు కథలు. వీటిని ఆస్వాదించాలంటే మూలకథ చదివి ఉండాలి, అందుకే రెండూ ఒకే చోట దొరకడం గొప్ప సౌకర్యం. ఎనభై రోజుల్లో భూమిని చుట్టివచ్చిన ఫిలియాస్ ఫాగ్ కథ పాత ప్రతినీ, ఫిలిప్ హోసే ఫార్మర్ 1973లో ఆ కథ మీదనే అల్లిన నవలనూ నేను ఒకే సాయంత్రం ఇక్కడ కొన్నాను. వెర్న్ కథలో ఫాగ్ సేవకుడు పాస్‌పార్టూ తన గడియారాన్ని ఏ దేశంలోనూ సరిచేయడు, మొండిగా లండన్ సమయమే చూపిస్తుంటాడు. ఫార్మర్ ఆ గడియారాన్నే పట్టుకుని, అది ఒక చోటి నుంచి మరో చోటికి మనుషులను క్షణంలో చేరవేసే పరికరమనీ, ఫాగ్ గ్రహాంతర వాసుల రెండు వర్గాల యుద్ధంలో ఒక పక్షం మనిషనీ కథ నడిపాడు. వెర్న్ రాసిన సంఘటనలను చెరపకుండా, వాటి వెనుక మరో కారణాన్ని నిలబెట్టడమే ఇందులోని నేర్పు.

తెలుగువాళ్ళకు ఈ ఆట కొత్తదేమీ కాదు. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు, అయినా అది లేని భారతాన్ని మనం ఊహించుకోలేము. విశ్వనాథ సత్యనారాయణ గారు గుర్రపు తల గంధర్వుణ్ణి తెచ్చి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడవేశారు, పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ చేత ఇంగ్లీషు చదివించారు. ఈ రెండు రచనలూ కలిపి వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదంగా ఒకే పుస్తకంలో వచ్చాయి. తెలుగు చదవడం రాని మా అమ్మాయికి ఆ పుస్తకమే కొని ఇచ్చాను. షేక్‌స్పియర్ నాటక ఛందస్సులో ‘స్టార్ వార్స్’ను తిరగరాసిన ఇయాన్ డోషర్ పుస్తకం (2013) కూడా తనకోసమే తీసుకున్నాను. అందరి ముందూ కూతలు తప్ప మాటలు రాని చిన్న రోబో, ప్రేక్షకులతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు మాత్రం చక్కని పద్యభాషలో మనసు విప్పుతుంది. పద్యనాటకాల్లో స్వగతాలు విని పెరిగిన నాకు అది ఎంతో ఆత్మీయంగా తోచింది.

వెళ్ళదలచినవారికి ఒక సలహా. వారాంతపు సాయంత్రాల్లో చర్చ్ స్ట్రీట్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి, కుదిరితే పనిదినాల్లో పగటిపూట వెళ్ళండి. కింది వరుసలను మోకాళ్ళ మీద కూర్చుని అయినా చూడండి, నాకు మంచి పుస్తకాలు ఎక్కువగా అక్కడే దొరికాయి. నేను కొన్న పాత ప్రతుల్లో ఏదీ 300 రూపాయలు దాటలేదు.

అంగారకులు భూమి మీద దండెత్తే వెల్స్ నవల పుస్తకంగా వెలువడిన 1898లోనే, దానికి బదులుగా థామస్ ఎడిసన్‌నే నాయకుణ్ణి చేసి అంగారకుడి మీదికి నౌకలు పంపిన గారెట్ సర్విస్ కథ ఒక అమెరికా దినపత్రికలో వచ్చింది. దాని మంచి ప్రతి ఇంకా నా కంట పడలేదు. వచ్చే నెల జీతం రాగానే మళ్ళీ వెళ్ళి, ‘ఎస్’ అక్షరం వరుస మొదటి నుంచి వెతుకుతాను.