జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ యాంప్: మొండి హెడ్‌ఫోన్లకు ఈ శక్తి సరిపోతుందా?

హెడ్‌ఫోన్లను నడిపే యాంప్లిఫయర్ ఆటమ్ యాంప్ కొన్నేళ్లుగా నా బల్ల మీద దాదాపు రోజూ పనిచేస్తోంది. దాని గురించి అందరూ అడిగేది ఒకటే: ఇంత చిన్న ప్లాస్టిక్ డబ్బా ఎక్కువ శక్తి అడిగే మొండి హెడ్‌ఫోన్లను నడపగలదా? సెన్‌హైజర్ హెచ్‌డీ 650, బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓంల రకం (హెడ్‌ఫోన్ కరెంటుకు చూపే అడ్డును ఓంలలో కొలుస్తారు), హైఫైమాన్ హెచ్‌ఈ6ఎస్‌ఈ, ఈ మూడింటినీ దీనికి తగిలించి విన్నాను కాబట్టి జవాబు ముందే చెబుతాను. మొదటి రెండింటికీ ధారాళంగా సరిపోతుంది. మూడోదానికీ సరిపోతుంది, కానీ యాంప్‌కు వెనక ఏం కలిపారన్నదాన్ని బట్టి.

జేడీఎస్ ల్యాబ్స్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన చిన్న సంస్థ. 2018 చివర్లో ఈ యాంప్‌ను 99 డాలర్లకు విడుదల చేసింది. 32 ఓంల దగ్గర 1 వాట్, 150 ఓంల దగ్గర 502 మిల్లీవాట్లు, 600 ఓంల దగ్గర 125 మిల్లీవాట్లు ఇస్తుందని సంస్థ చెప్పిన లెక్క. ఈ అంకెలు చూసి చాలామంది కంగారు పడతారు. 600 ఓంలకు వచ్చేసరికి శక్తి ఎనిమిదో వంతుకు పడిపోయింది కదా అంటారు. వాట్లను పక్కన పెట్టి వోల్టేజీ చూడండి. 600 ఓంల దగ్గర 125 మిల్లీవాట్లంటే సుమారు 8.7 వోల్టులు. 150 ఓంల దగ్గరా అంతే. 32 ఓంల దగ్గర మాత్రం 5.7కు దిగుతుంది, అక్కడ కరెంటు హద్దు అడ్డొస్తుంది కనుక. అంటే ఎక్కువ ఓంల హెడ్‌ఫోన్లకు ఈ యాంప్ తన పూర్తి వోల్టేజీ ఇస్తోంది. వాటికి కావలసింది అదే.

హెచ్‌డీ 650కి 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ వస్తాయి. డీటీ 880కి 1 మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్. ఆటమ్ ఇవ్వగల 125 మిల్లీవాట్లూ ఇస్తే సుమారు 117కు చేరుతుంది. పెద్దలు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 117 ఎంత దూరమో మీరే ఊహించుకోండి.

మరి ఫోన్‌కు తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న డాంగిల్ చాలదా? నేటి సినిమా పాటలకు చాలా వరకు చాలుతుంది. వాటిని మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే చివరి మెరుగులో, అంచు వరకు పెంచి ఉంచుతారు, అర వోల్టు లోపే చెవి నిండిపోతుంది. చిక్కంతా పాత కచేరీలతో. నేను ఎక్కువగా వినేవి అవే. గాత్రం ఎక్కడో కింద ఉంటుంది, తని ఆవర్తనం వచ్చేసరికి మృదంగం ఒక్కసారిగా లేస్తుంది. సగటు స్థాయి గరిష్ఠం కంటే 30 డెసిబెల్స్ కింద ఉన్న రికార్డింగులు నా దగ్గర చాలా ఉన్నాయి. అలాంటిదాన్ని సగటున 75 డెసిబెల్స్‌లో హాయిగా వినాలంటే, హెచ్‌డీ 650కి గరిష్ఠ స్థాయి 105 డెసిబెల్స్ దగ్గర ఉండేలా నాబ్ తిప్పాలి. అంటే సుమారు 1.3 వోల్టులు. దాని మీద ఈక్వలైజర్‌లో కింది స్వరాలను పెంచితే, శబ్దం పగలకుండా మొత్తం స్థాయిని 6 డెసిబెల్స్ తగ్గించుకోవాలి. ఆ లోటు పూడ్చడానికి 2.5 వోల్టులు కావాలి. 1 వోల్టు ఇచ్చే డాంగిల్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఆటమ్‌కు ఇది లెక్కే కాదు.

అసలు పరీక్ష హెచ్‌ఈ6ఎస్‌ఈతోనే. ప్లానార్ రకం (పలుచని చదునైన పొర కదిలి ధ్వని పుట్టించేది), 50 ఓంలు, 1 మిల్లీవాట్‌కు కేవలం 83.5 డెసిబెల్స్. అదే కచేరీకి, అదే ఈక్వలైజర్‌తో లెక్కేస్తే 5.3 వోల్టులు, 106 మిల్లీఆంపియర్లు, అర వాట్‌కు పైనే. ఆటమ్ ఇవ్వగలదు. అయినా డాంగిల్‌ను వెనక జాక్‌కు కలిపి వింటే నాబ్ చివరిదాకా వెళ్లిపోయింది, ధ్వని మాత్రం నేను కోరినంత పెరగలేదు. యాంప్‌లో శక్తి లేదని చాలామంది తీర్పు చెప్పేసేది ఇక్కడే. అది శక్తి లోటు కాదు, గెయిన్ (లోపలికి వచ్చిన సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) లోటు. ఆటమ్ హై గెయిన్‌లో లోపలికి వచ్చినదాన్ని 4.5 రెట్లు చేస్తుంది. 1 వోల్టు వస్తే 4.5 వోల్టులే బయటికి వెళతాయి, మిగతా సత్తా వాడకుండా ఉండిపోతుంది. 2 వోల్టులు ఇచ్చే మామూలు డీఏసీ (డిజిటల్ పాటను యాంప్‌కు పంపే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) పెట్టగానే అదే హెడ్‌ఫోన్, అదే రాగం, నాబ్‌లో ఇంకా జాగా మిగిలి ఉండగానే నిండుగా వినిపించింది.

ఈ రెంటినీ విడదీసి చూడటం తేలిక. నాబ్ చివరికి వెళ్లినా ధ్వని శుభ్రంగానే ఉంటే గెయిన్ చాలలేదు. నాబ్‌లో ఇంకా చోటుండగానే మృదంగం దెబ్బ మొద్దుబారి, గాత్రం గరగరలాడితే శక్తి చాలలేదు. నేను వినే స్థాయిలో ఆటమ్ దగ్గర ఆ రెండోది ఒక్కసారి కూడా నాకు ఎదురుకాలేదు. నాకంటే రెట్టింపు గట్టిగా, అంటే 10 డెసిబెల్స్ పైన వినేవారికి హెచ్‌ఈ6ఎస్‌ఈతో ఎదురవుతుంది. వారికి మరింత పెద్ద యాంప్ అవసరమే.

‘శక్తి ఎక్కువైతే కింది స్వరాలు బిగువుగా వస్తాయి’ అనే మాట ఎంతో కాలంగా వింటున్నాను. మిత్రుడి దగ్గర అనేక వాట్లు ఇచ్చే పెద్ద యాంప్ ఉంటే తెచ్చి పోల్చాను. 60 హెర్ట్‌జ్ స్వరం పెట్టి, మల్టీమీటర్‌తో రెండు యాంపుల వోల్టేజీ సమానం చేసి విన్నాను. హెచ్‌డీ 650 మీద మృదంగం ఎడమవైపు తొప్పి మీద మోగే గుముకి రెండింట్లోనూ ఒకేలా ఉంది. సమానం చేయకుండా వింటే మాత్రం కాస్త గట్టిగా ఉన్నదే ప్రతిసారీ గొప్పగా తోచింది. పోలిక చేసేవారు ఈ ఒక్క జాగ్రత్త తప్పక తీసుకోవాలని నా మనవి.

మిగతా విషయాలు కొద్దిగా. హై గెయిన్‌లో, పాట లేనప్పుడు కూడా హెచ్‌డీ 650లో బుస వినిపించదు, తంబుర సద్దుమణిగే చోట ఇది ఎంతో హాయి. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లకు లో గెయిన్ వాడండి, నాబ్ అడుగున ఎడమ కుడి హెచ్చుతగ్గులు తెలియకుండా ఉంటాయి. డబ్బా తేలిక, లావుపాటి తీగ లాగితే బల్ల మీద జరుగుతుంది. దీనికి కావలసింది ఏసీ ఇచ్చే అడాప్టర్, ఫోన్ ఛార్జర్ లాంటి డీసీది పనికిరాదు. అమెరికాలోని బంధువుల చేత తెప్పించుకునేవారు 120 వోల్టులది కాకుండా మన 230 వోల్టులకు సరిపడేది అడగాలి.

ఇప్పుడు ఈ మోడల్ స్థానంలో ఆటమ్ యాంప్ ప్లస్, ఆ తర్వాత ఆటమ్ యాంప్ 2 వచ్చాయి. పాతది వాడినది మంచి ధరకు దొరికితే 300, 600 ఓంల హెడ్‌ఫోన్ల కోసం నిశ్చింతగా తీసుకోవచ్చు. హెచ్‌ఈ6ఎస్‌ఈ లాంటిది ఉన్నవారు ముందు తమ డీఏసీ ఎన్ని వోల్టులు ఇస్తుందో చూసుకుని, 2 కంటే తక్కువైతే మొదట దాన్ని మార్చండి.