పాత డెస్క్‌టాప్ మీద ఆర్చ్ లినక్స్: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

ఆర్చ్ లినక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకం) ఎక్కించడం మహా కష్టం అనేవాళ్ళని నమ్మకండి, ఒకసారి ఎక్కిస్తే ఇక హాయి అనేవాళ్ళని అసలే నమ్మకండి. ఎక్కించడం ఒక మధ్యాహ్నం పని. ఇంట్లో నలుగురూ వాడే మెషిన్ మీద దాన్ని ఏళ్ళ తరబడి నడపడం వేరే కథ.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మెషిన్ పాత ఐ3 డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, తర్వాత వేయించిన ఎస్‌ఎస్‌డీ. మా తమ్ముడి టాలీ లెక్కల కోసం విండోస్ కూడా పక్కనే ఉంది.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే వచ్చేది నల్ల తెర, కమాండ్లు టైపు చేయడానికి ఒక ప్రాంప్ట్, అంతే. డిస్క్‌ని పార్టిషన్లుగా (భాగాలుగా) మీరే విడగొట్టాలి, ఫార్మాట్ చేసి మౌంట్ చేయాలి, అంటే సిస్టమ్‌కి తగిలించాలి (విండోస్ ఉంటే దాని బూట్ ఫైళ్ళుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని మౌంట్ మాత్రమే చేయండి, ఫార్మాట్ చేశారో విండోస్ బూట్ అవదు), ప్యాక్‌స్ట్రాప్ అనే కమాండ్‌తో బేస్, కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ), ఫర్మ్‌వేర్ దించుకోవాలి, ఆ తర్వాత జెన్‌ఎఫ్‌స్ట్యాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసిపెట్టే కమాండ్), ఆర్చ్-క్రూట్ (పెన్‌డ్రైవ్ నుంచే కొత్త సిస్టమ్ లోపలికి వెళ్ళే కమాండ్), టైమ్‌జోన్, లొకేల్ (భాష సెట్టింగ్), పాస్‌వర్డ్, చివర్లో గ్రబ్ (ఆన్ చేయగానే మెనూ చూపించి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్). ఆర్చ్ వికీలోని గైడ్ ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుంటే చాలు. 2021 నుంచి ఐఎస్‌ఓలోనే (పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే ఫైలు) ఆర్చ్‌ఇన్‌స్టాల్ అని ఒక స్క్రిప్ట్ వస్తోంది, ప్రశ్నలడిగి పని తనే చేసేస్తుంది. మొదటిసారి మాత్రం అది వద్దనే అంటాను. ఎందుకో కింద చెప్తాను.

కొత్తవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది నెట్ దగ్గర. పెన్‌డ్రైవ్‌లో ఉన్నప్పుడు వైఫై పనిచేస్తుంది, రీబూట్ చేసి కొత్త సిస్టమ్‌లోకి వెళ్తే పనిచేయదు, ఎందుకంటే అందులో నెట్ కలిపే ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌మేనేజర్‌ని మనమే వేసుకుని ఎనేబుల్ చేయాలి. అది క్రూట్‌లో ఉండగానే చేసేయండి. వైఫై అసలే దొరకకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టండి, ఏ తలనొప్పీ లేకుండా వచ్చేస్తుంది.

రెండోది గడియారం. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. దాంతో ఇటు నుంచి అటు వెళ్ళగానే విండోస్ మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. విండోస్ రిజిస్ట్రీలో (అది సెట్టింగులు దాచుకునే చోటు) ఒక చిన్న మార్పుతో అది కూడా యూటీసీనే చదువుతుంది. మా తమ్ముడు మాత్రం ఆ మార్పు చేసేదాకా రోజూ నన్ను తిట్టాడు.

ఇక తెలుగు. డెస్క్‌టాప్ (విండోలూ ఐకాన్లూ ఉండే తెర) వేసి బ్రౌజర్ తెరిచాక వాట్సాప్‌లో మా అమ్మ పంపిన మెసేజ్ మొత్తం డబ్బాలు డబ్బాలుగా కనిపించింది. తప్పేం కాదు, అడగనిదే ఏదీ వేయకపోవడమే ఆర్చ్ పద్ధతి, తెలుగు ఫాంటు కూడా అంతే. నోటో ఫాంట్ల ప్యాకేజీ వేస్తే సర్దుకుంటుంది. టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రామ్, దానికి తోడు ఎం17ఎన్ (రకరకాల భాషల కీబోర్డులుండే ప్యాకేజీ) వేస్తే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల కీబోర్డు), ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది) రెండూ దొరుకుతాయి. కానీ డెస్క్‌టాప్ లేని నల్ల తెర మీద తెలుగు ఆశించకండి, అక్కడ ఫాంటుకి 512 ఆకారాలే పరిమితి, ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపే ఏర్పాటే లేదు. అందుకే సిస్టమ్ భాషని తెలుగు పెట్టొద్దు, రిపేరు రోజున ఎర్రర్ మెసేజ్ కూడా చదవలేరు. డెస్క్‌టాప్ లోపల తెరిచే చాలా టెర్మినళ్ళలోనూ (కమాండ్లు టైపు చేసే విండోలు) ఒత్తులు ఎక్కడికక్కడ విడిపోతాయి.

ఇప్పుడు అప్‌డేట్ల సంగతి. ఆర్చ్ 2002లో మొదలైంది, దీనికి వెర్షన్లంటూ ఉండవు, ప్యాక్‌మన్‌తో (ప్యాకేజీలు దించి వేసే ఆర్చ్ కమాండ్) అప్‌డేట్ చేస్తే ఆ రోజుకి ఉన్నదంతా వచ్చేస్తుంది. కొత్తవి త్వరగా రావడం బాగానే ఉంటుంది గానీ అప్‌డేట్‌కి ముందు ఆర్చ్ హోమ్‌పేజీలో వార్తలు చూడటం అలవాటు కావాలి. 2022 ఆగస్టులో గ్రబ్ మారినప్పుడు కొన్ని మెషిన్లు బూట్ కాకుండా పోయే ప్రమాదముందని, ప్యాకేజీ మారాక గ్రబ్ ఇన్‌స్టాల్, కాన్ఫిగ్ కమాండ్లు రెండూ మళ్ళీ నడపమని వాళ్ళే ప్రకటన పెట్టారు. అప్పటి నుంచి గ్రబ్ పేరు కనిపిస్తే ఆ రెండూ చేయనిదే రీబూట్ చేయను.

ఇంకో చికాకు ఉంది. కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ చేయకుండా పని చేసుకుంటుంటే, పక్కింటాయన ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చుతాడు, ఏమీ రాదు. నడుస్తున్న పాత కెర్నల్ తాలూకు మాడ్యూళ్ళు (పెన్‌డ్రైవ్ లాంటివి గుర్తుపట్టే ముక్కలు) అప్‌డేట్‌లో డిస్క్ మీద నుంచి పోయి ఉంటాయి. "ఏందప్పా, చెడిపోయిందా?" అంటాడు. రీబూట్ చేస్తే సరి, కానీ ఆయన దృష్టిలో మా కంప్యూటర్ డొక్కుదే.

అసలు పరీక్ష ఒక ఎండాకాలం వచ్చింది. అప్‌డేట్ సగంలో కరెంటు పోయింది, యూపీఎస్ కాసేపు కూసి అదీ పోయింది. మళ్ళీ ఆన్ చేస్తే కెర్నల్ దగ్గరే ఆగిపోయింది. అప్పుడు చేసిందేంటంటే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పార్టిషన్లు మౌంట్ చేసి, ఆర్చ్-క్రూట్‌లోకి వెళ్ళి, ప్యాక్‌మన్ వదిలేసిన లాక్ ఫైలు (రెండు అప్‌డేట్లు ఒకేసారి నడవకుండా ఆపేది) తీసేసి, అప్‌డేట్ మళ్ళీ నడిపి, కెర్నల్‌ని తిరిగి వేయడం. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. చూశారుగా, ఇన్‌స్టాల్ చేసినప్పటి అడుగులే. చేత్తో ఎక్కించమని పైన అన్నది ఇందుకే, స్క్రిప్ట్‌తో ఎక్కించుకున్నవాళ్ళకి ఆ రాత్రి టెన్షన్ ఇంకోలా ఉంటుంది. పక్కన ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే) కెర్నల్ కూడా ఒకటి పెట్టుకోండి, ఒకటి మొరాయిస్తే గ్రబ్ మెనూలో రెండోది ఎంచుకోవచ్చు.

ఒక్క నియమం మాత్రం మా ఇంట్లో కచ్చితం. టీటీడీ 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు పొద్దున ఎవరూ అప్‌డేట్ ముట్టుకోకూడదు. తిరుపతిలో ఉంటే ఊళ్ళో చుట్టాలందరికీ మనమే బుకింగ్ కౌంటర్ కదా.

వేగం విషయంలో గొప్పలు చెప్పను. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో చాలా తేలిగ్గా ఉంటుంది, కానీ బ్రౌజర్‌లో ట్యాబులు పెరిగాయంటే 4 జీబీ 4 జీబీయే. ప్రింటర్‌కి కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ మనమే వేసి ఎనేబుల్ చేయాలి, కొనేముందు ఆ మోడల్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి. ప్యాక్‌మన్ పాత ప్యాకేజీలన్నీ దాచిపెడుతుంది, చిన్న ఎస్‌ఎస్‌డీ అయితే అప్పుడప్పుడు ప్యాక్‌క్యాష్ అనే కమాండ్‌తో తుడవాలి.

మా అక్క ల్యాప్‌టాప్ మీద కూడా ఇదే వేయమంది. వేయలేదు, డెబియన్ (నిదానంగా మారే ఇంకో లినక్స్) వేసిచ్చాను. ఆమెకి వార్తలు చదివి అప్‌డేట్ చేసే ఓపిక లేదు, ప్రతిసారీ చిత్తూరు దాకా వెళ్ళి బాగుచేసే ఓపిక నాకూ లేదు.