తాడిపత్రి నాపబండలు: ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు

అనంతపురంలో కొత్త ఇల్లు కట్టేవాళ్లు నేలకు ముందుగా అడిగేది టైల్సే. పక్కనే దొరికే తాడిపత్రి బండను పాతకాలపు సరుకని వదిలేస్తున్నారు. కింది అంతస్తుకు, వసారాకు, వంటింటి అరలకు మాత్రం ఈ బండే మేలు.

నాపబండ సున్నపురాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీలు సున్నపురాయినే 1,450 డిగ్రీల దగ్గర కాల్చి సిమెంటు చేస్తాయి. టైలుకైనా 1,200 డిగ్రీల దాకా కొలిమి వేడి కావాలి. బండకు నిప్పుతో పనే లేదు. గనిలో పొరలుగా విడుతుంది, కొలతకు కోసుకుంటే చాలు. పైగా సున్నం గచ్చులో పరిస్తే తీసి మళ్లీ వేసుకోవచ్చు. పాత మిద్దెలు విప్పినప్పుడు బండలు నిండుగా చేతికొచ్చేది సున్నం గచ్చులో పరిచినందుకే. సిమెంటు దట్టించి వేసిన చోట ముక్కలే మిగులుతాయి.

కొనేటప్పుడు బండను నిలబెట్టి సుత్తితో చిన్నగా తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా పలికితే లోపల పగులో, విడిపోతున్న పొరో ఉన్నట్టు. తర్వాత నీళ్లు చల్లి ఆరనివ్వండి. మిగతా భాగం ఆరినా ఒక గీత తడిగానే ఉందంటే అది వెంట్రుకంత పగులు, ఆ బండ పక్కన పెట్టండి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో రెండు కర్ణాలూ (ఎదురు మూలల మధ్య దూరాలు) టేపుతో కొలిస్తే తెలుస్తుంది, రెండూ సమానంగా రావాలి. 2 అడుగుల చదరం, అంగుళం మందం బండ దాదాపు 25 కిలోలు తూగుతుంది. మిద్దె మీదికి ఎక్కించాలంటే కూలీ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

మంచి రాయి కూడా పాడయ్యేది పరిచే దగ్గరే. చాలామంది మేస్త్రీలు నాలుగు మూలలా, నడుమ ఒకటి సిమెంటు ముద్దలు పెట్టి బండ దించేస్తారు. పని త్వరగా తెమిలిపోతుంది కానీ కింద గుల్ల మిగిలిపోతుంది. గ్యాస్ సిలిండర్ దిమ్మున దించిన రోజు బండ ఆ గుల్ల మీదే విరుగుతుంది. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపి, అంగుళం మందాన నిండుగా పరుపు వేయించండి. బండను ముందే తడిపి, అడుగున నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు పూసి, చెక్క సుత్తితో తడుతూ రసమట్టం చూసుకుంటూ దించాలి. సందులు 3 మిల్లీమీటర్లు చాలు. మర్నాడు ప్రతి బండనూ తట్టి చూడండి, గుల్లగా పలికినదాన్ని అప్పుడే లేపించాలి. వారం గడిస్తే పగలకుండా రాదు. ఆ వారమంతా తడి ఆరనివ్వకూడదు.

పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికని యాసిడ్ పోస్తామంటారు. ససేమిరా ఒప్పుకోవద్దు! సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుస నురగ వస్తుంది, మెరుపు తినేసి తెల్లటి మచ్చ మిగులుతుంది. మరక పచ్చిగా ఉండగానే తడి గోనెతో తుడిపిస్తే యాసిడ్ అవసరమే రాదు. చింతపండు పులుసు, నిమ్మరసం, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ లిక్విడ్ కూడా అదే పని చేస్తాయి. ఆ మచ్చ కడిగితే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. అందుకే పొయ్యి గట్టుకు దీన్ని సిఫారసు చేయం. అక్కడ నల్ల గ్రానైటే నయం. గట్టు కింద అరలకు నాపబండను మించింది లేదు, చెదపట్టదు, తడికి ఉబ్బదు. అర పొడవు 3 అడుగులు దాటితే మధ్యలో ఒక నిలువు బండ ఆనించండి.

బాత్‌రూమ్‌లో పాలిష్ బండ జారుతుంది. గరుకు బండే అడగండి, ప్రతి 6 అడుగులకు అంగుళం వాలు పెట్టించండి. పైకప్పు ఎండకు కాగే పై అంతస్తులో మాత్రం కింది గదిలోని చల్లదనం ఆశించొద్దు. కింద ఆ చల్లదనం ఇచ్చేది రాయి ఒక్కటే కాదు, దాని అడుగున ఉన్న నేల కూడా.

లోడుకూ లోడుకూ రంగు మారుతుంది. ఇంటికంతటికీ ఒకే లోడులో, పదో వంతు ఎక్కువగా తీసుకోండి. మిగిలిన బండలు మెట్ల కింద నిలబెట్టి ఉంచితే తర్వాత పైపు కోసం నేల తవ్వినప్పుడు అదే రంగు దొరుకుతుంది.