వీపు మీద హ్యాండిల్ ఉన్న ఆ డాగ్ హార్నెస్ కొనకండి. అది ఎత్తడానికి కాదట!

కోపంలో రాస్తున్నాను, అక్కడక్కడా మాట తూలితే సర్దుకోండి.

కుక్కల్ని తీసుకుని అడవి దారులు పట్టేవాళ్ళకి ఈ ఆన్‌లైన్ షాపు ఏదో విడిగా చెప్పక్కర్లేదు. పేరు రాయను, రాస్తే లీగల్ నోటీసు అంటూ బయల్దేరతారు. ఫోన్ తెరిస్తే చాలు వాళ్ళ యాడే. ఆరెంజ్ హార్నెస్ (కుక్క ఛాతీకి, వీపుకి చుట్టి తొడిగే పట్టీలు) వేసుకున్న కుక్కని ఒకాయన వీపు మీది హ్యాండిల్ పట్టుకుని, సూట్‌కేసు లేపినట్టు లేపి, వాగు దాటించి అవతల దింపుతాడు చూడండి, అదే. కింద ‘వాన, బురద, వాగు: దేనికైనా రెడీ’ అని పెద్దక్షరాలు. సరిగ్గా ఆ వీడియో చూసే కొన్నాను. 40 కిలోల వరకు ఓకే అని రాశారు, మా వాడు 26 కిలోలు. ఇంకేం కావాలి?

పెద్ద వాన పడి తగ్గాక వెళ్ళాం. వాన పడుతుండగా కాదు, తగ్గాక. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో కింద తెలుస్తుంది. అలాంటప్పుడు అడవి దారి ఎలా ఉంటుందో వెళ్ళేవాళ్ళకి తెలుసు. పైకి ఎండుటాకుల పరుపే కనిపిస్తుంది, దాని కింద నున్నగా తడిసిన చెట్ల వేళ్ళుంటాయి, వాటి మీద అడ్డంగా కాలు పడిందో జారడమే. మనకి బూట్లున్నాయి, కర్ర ఉంది. వాడికి ఉన్నవి నాలుగు కాళ్ళు, అవి కూడా కాలి వేళ్ళ సందుల్లో బంకమట్టి ఇరుక్కుని పట్టు తప్పుతూనే ఉంటాయి.

ఒకచోట దారిని కోసేసుకుంటూ చిన్న కాలువ పారుతోంది. మామూలు రోజుల్లో అక్కడ నీళ్ళే ఉండవు. గట్టు దిగబోతుంటే మా వాడి వెనక కాళ్ళు రెండూ బురదలో దిగబడిపోయాయి. ముందు కాళ్ళతో గీరుకుంటున్నాడు గానీ పైకి రాలేకపోతున్నాడు. మరి నా దగ్గర హ్యాండిల్ ఉన్న హార్నెస్ ఉంది కదా! వంగి, హ్యాండిల్ పట్టుకుని లేపాను.

పర్రుమంది.

హ్యాండిల్ ఒక చివర ఊడి నా చేతిలో వేలాడుతోంది. వాడు పక్కకి ఒరిగి, గట్టు మీంచి జారి నీళ్ళలో పడ్డాడు. రెండో చేతిలో లీష్, అదే వాణ్ణి పట్టుకునే తాడు, ఉందిలే అనుకున్నాను. ఆ కుదుపుకి లీష్ తగిలించిన డి రింగు (ఇంగ్లీషు డి ఆకారంలో ఉండే లోహపు రింగు) కూడా నోరు తెరిచేసింది! లీష్ కొస ఖాళీగా తిరిగొచ్చింది. నీటి వేగానికి కొంత దూరం కొట్టుకుపోయి, గట్టులోంచి బయటికొచ్చిన చెట్ల వేళ్ళకి తట్టుకుని, వాడంతట వాడే పాక్కుంటూ ఎక్కాడు. నేను చేసిందల్లా గట్టు వెంట బురదలో పడుతూ లేస్తూ వాడి పేరు అరవడమే. ముందు కాలికి పైన ఉండే ఆ విడి గోరు సగం చీలి రక్తం. డాక్టరు గోరు కత్తిరించి కట్టు కట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కట్టు పీక్కోవడమే పనిగా పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి హార్నెస్ కడిగి చూస్తే అసలు సంగతి బయటపడింది. హ్యాండిల్ చివర కుట్టు ఒకే ఒక్క వరస. బరువు మోసే పట్టీకి మామూలుగా చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ మార్కు కుడతారు. లాగినప్పుడు బరువు నాలుగు వైపులా పంచుకోవాలని. ఇక్కడ అదేం లేదు, గౌను జేబు కుట్టినట్టైనా కుట్టలేదు. ఇక డి రింగు. మంచివాటికి కొసలు రెండూ కలిపి వెల్డింగ్ చేసి ఉంటుంది. ఇది ఉత్త కడ్డీని వంచి కొసలు దగ్గరగా పెట్టి వదిలేసిందే. పైన నల్ల రంగు పూశారు కాబట్టి ఆ సందు కొత్తలో కనపడదు. రంగు కింద దాచారన్నమాట. ఇప్పుడు ఆ సందులో నా చిటికెన వేలు పడుతోంది. లోపలి స్పాంజి సంగతి సరేసరి, నీళ్ళన్నీ తాగి బరువెక్కి, చంకల దగ్గర ఒరుసుకుని వాడి చర్మం ఎర్రగా కందిపోయింది. ‘వాటర్‌ప్రూఫ్’ అని రాశారు కదా, లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి రాకుండా అని అర్థం కాబోలు.

సరే, వస్తువు పాడైంది, అది ఎక్కడైనా జరుగుతుంది. ఈ పోస్టు అందుకు కాదు. తర్వాత వాళ్ళన్న మాటలకి.

ఫొటోలన్నీ తీసి కస్టమర్ కేర్‌కి పంపాను. మొదట ‘మీ బుజ్జి నేస్తానికి ఇలా జరిగినందుకు చింతిస్తున్నాం’ అని ఒక రెడీమేడ్ మెసేజ్, పక్కన పంజా గుర్తు. తర్వాత చాట్‌లోకి ఎవరో వచ్చారు.

‘సర్, ఈ మోడల్‌లో ఉన్నది స్టైల్ హ్యాండిల్. పెట్‌ని ఎత్తడానికి మేం రికమెండ్ చేయం.’

స్టైల్ హ్యాండిల్! కుక్క వీపు మీద హ్యాండిల్ ఇంకెందుకుంటుంది? చొక్కాకి పెట్టుకునే బ్రోచ్‌లాగా అందానికా? వాళ్ళ యాడ్ వీడియోనే వాళ్ళకి పంపి, మరి ఈయన చేస్తున్నదేంటి అని అడిగాను. చాలాసేపు ‘టైపింగ్’ అని కనిపించింది. వచ్చిన జవాబు: ‘సర్, ఆ వీడియో ఎక్స్‌పర్ట్స్ పర్యవేక్షణలో తీసినది.’ అంటే ఎక్స్‌పర్టులు ఎత్తితే కుట్టు ఊడదట, నేను ఎత్తితే ఊడుతుందట. కుట్టుకి మనుషుల్ని గుర్తుపట్టడం కూడా నేర్పారు మహానుభావులు.

పోనీ డబ్బు వెనక్కివ్వండి అన్నాను. ‘ఫొటోల్లో వస్తువుకి మట్టి కనిపిస్తోంది సర్. వాడిన వస్తువులకి రిటర్న్ వర్తించదు.’

ఇంకోసారి చదవండి. బురదలో వాడమని అమ్మిన హార్నెస్, బురద అంటిందని రిటర్న్ తీసుకోరు.

అప్పటికీ ఊరుకోలేక ఫోన్ చేశాను. లైన్ కలవడానికే ఓపిక నశించింది, మధ్యలో అదే యాడ్ మ్యూజిక్. ఎత్తినాయనకి మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. వాడు నీళ్ళలో పడ్డాడు, లీష్ ఊడొచ్చింది, కొంచెం అటూ ఇటూ అయితే దొరికేవాడు కాదు అని చెబుతుంటే నా గొంతు కాస్త వణికింది కూడా. అంతా విని ఆయన అన్న మాట: ‘అసలు వానలో కుక్కని తీసుకుని అడవిలోకి ఎవరు వెళ్ళమన్నారు సర్? ముందు దానికి ట్రైనింగ్ ఇప్పించండి.’ పక్కన ఎవరో నవ్వారు. మ్యూట్ నొక్కడం మర్చిపోయారు పాపం.

నాకు నోట మాట రాలేదు. ఎవరు వెళ్ళమన్నారా? మీరే కదయ్యా, ‘వాన, బురద, వాగు’ అని! ఈ జవాబు ఫోన్ పెట్టేశాక తట్టింది, ఎప్పుడూ అంతే. ఇప్పుడు స్నానం చేస్తున్నా, అన్నం తింటున్నా మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఫోన్ పెట్టేసిన వెంటనే ‘మా సేవ మీకు నచ్చిందా? ఐదు స్టార్లు ఇవ్వండి’ అని మెసేజ్ వచ్చింది. ఒక్క స్టార్ ఇచ్చి జరిగింది రాశాను, తెల్లారేసరికి ఆ రివ్యూ మాయం. అప్పుడర్థమైంది అక్కడ అన్నీ ఐదు స్టార్లే ఎందుకున్నాయో. అవి చూసి కదా నేనూ కొన్నది, నాలాంటి తెలివైనవాళ్ళ కోసమే పెట్టుంటారు.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ఏ బ్రాండైనా సరే, అడవికి తీసుకెళ్ళేముందు ఇంట్లో హ్యాండిల్‌ని గట్టి కొక్కేనికి తగిలించి మీ బలమంతా పెట్టి లాగి చూడండి, కుక్క బరువుకంటే ఎక్కువే పడాలి. రింగు చుట్టూ గోరుతో తడమండి, సందు తగిలితే వద్దు. పట్టీ నైలాన్ అయితే తడిసినప్పుడు నీళ్ళు పీల్చుకుని కాస్త సాగుతుంది, పాలియెస్టర్ అంతగా పీల్చదు. ప్లాస్టిక్ బకిల్‌లో ఇసుక చేరితే పూర్తిగా పడకుండానే పడినట్టు కనిపిస్తుంది, టక్‌మని వినిపించాక కూడా ఒకసారి లాగి చూసుకోండి. ఎంత మంచి హార్నెస్ అయినా ఎత్తేటప్పుడు రెండో చెయ్యి ఛాతీ కింద పెట్టండి. నీళ్ళు వేగంగా పారుతుంటే 15 సెంటీమీటర్ల లోతులో మనిషికే కాళ్ళు తేలిపోతాయి, అలాంటి చోట వెనక్కి తిరగడమే.

డాక్టరు ఇంకోటి కూడా అడిగారు, ఆ నీళ్ళు తాగాడా అని. ఎలుకల్లాంటి జంతువుల మూత్రంతో నీళ్ళలోకి, మట్టిలోకి చేరే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా తడి నేలలో వారాల తరబడి బతికుంటుంది, మనకీ అంటుకుంటుంది. కుక్కలకి టీకా ఉంది, ఏటేటా వేయించాలి. మా వాడికి వేయించే ఉంది కాబట్టి ఆ టెన్షన్ కొంత తగ్గింది. జ్వరం, వాంతులు, నీరసం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు.

కార్డుతో కట్టాను కాబట్టి ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను. చాట్ స్క్రీన్‌షాట్లు, ఊడిన కుట్టు ఫొటోలు అన్నీ జతచేశాను. మీలో ఎవరైనా ఇదే హార్నెస్ కొని ఉంటే ఆ వాగు వీడియో ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. నిన్న చూస్తే వివరాల్లోంచి ‘40 కిలోల వరకు’ అన్న లైన్ అప్పుడే తీసేశారు, వీడియో కూడా ఎన్నాళ్ళో ఉంచరు.