బడికి రాని పిల్లల ఇంటికి కబురు: ఎస్సెమ్మెస్సా, వాట్సాపా, ఫోన్లో మాటా?

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పిల్లలు బడి మానడానికి కారణం ఒక్కటి కాదు. అందువల్ల ఇంటికి కబురు పంపే మార్గాలలో ఏది మేలో తేల్చే ముందు, ఆ కబురు ఇంట్లోవాళ్లకు తెలియని సంగతేదైనా చెబుతోందా అని చూడాలి. ఆదోనిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు సంచి తగిలించుకొని బయలుదేరి బడికి చేరకపోతే, ఆ సంగతి ఇంటికి అదే పూట తెలియాలి. కోసిగి నుంచి సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలస వెళ్లిన కుటుంబానికి మాత్రం, తమ వెంట ఉన్న బిడ్డ బడిలో లేదని సందేశం పంపితే ఒరిగేదేమీ లేదు.

ఎస్సెమ్మెస్ ఏ ఫోనుకైనా, డేటా లేకున్నా, పైసల ఖర్చుతో చేరుతుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పీటర్ బెర్గ్‌మన్, ఎరిక్ చాన్ అనే పరిశోధకులు 22 బడుల్లో ఈ పద్ధతిని పరీక్షించగా, తరగతుల హాజరు 12 శాతం పెరిగింది. అయితే 2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, ఆడవాళ్లలో దాదాపు సగమే. అమ్మకు వచ్చిన సందేశాన్ని చదివి వినిపించవలసినవాడు ఆ పూట బడి ఎగ్గొట్టినవాడే అయితే ఏం చదువుతాడో ఊహించవచ్చు. పైగా తెలుగు ఎస్సెమ్మెస్‌లో ఒక్కోదానికి 70 అక్షరాలే పడతాయి, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. "మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు" అన్నంతలోనే 30 అయిపోతాయి.

వాట్సాప్‌లో మాటను రికార్డు చేసి పంపవచ్చు గనుక చదువు అడ్డు కాదు, కానీ స్మార్ట్‌ఫోను పగలంతా ఇంట్లో ఉండదు. రానివాళ్ల పేర్లు గ్రూపులో పెట్టడం నాకు బొత్తిగా సమ్మతం కాదు. పదిమందిలో పరువు పోయిందనుకున్న తండ్రి బిడ్డను కొడతాడే గాని బడికి పంపుతాడన్న నమ్మకం లేదు.

అయ్యవారే ఫోన్ చేసి "ఏమమ్మా, మీ పిల్లోడు మూడు దినాల నుంచి రాలేదు, జ్వరమా?" అని అడిగితే కారణం వెంటనే బయటపడుతుంది: పత్తి తీతకు పోయాడనో, చెల్లెలిని చూసుకోవడానికి ఎవరూ లేరనో తెలుస్తుంది. సందేశానికి ఈ తిరుగు జవాబు లేదు. అయితే రోజూ అందరికీ ఫోన్ చేసే తీరిక ఏ అయ్యవారికీ ఉండదు కాబట్టి, వరుసగా మూడు రోజులు రానివారికే దీన్ని ఉంచుకోవడం మేలు.

అప్పుడొకరోజు ఇప్పుడొకరోజు మానేవాళ్ల విషయంలో ఎస్సెమ్మెస్సే నెగ్గుతుంది, కాకపోతే అందులో హితవు బదులు లెక్క ఉండాలి. ఫిలడెల్ఫియాలో ఇళ్లకు ఉత్తరాలు పంపిన ప్రయోగంలో, హాజరు ముఖ్యమని ఊరికే గుర్తుచేసిన వాటికంటే, బిడ్డకు ఎన్ని రోజులు పోయాయో చెప్పినవే బాగా పనిచేశాయి. తల్లిదండ్రులు ఆ రోజులను తక్కువగా అంచనా వేసుకుంటారని అక్కడ తేలింది. అమ్మ ఒడి నాటి నుంచి మనకు తెలిసిన 75 శాతం హాజరు నియమం కూడా ఏడాది చివర గుర్తుకొస్తే లాభం లేదు, నెలనెలా ఇంటికి చేరాలి.

సుగ్గి కుటుంబాలతో మాత్రం మిర్చి కోతలకు గుంటూరు వైపు బయలుదేరక ముందే ఎదురుగా కూర్చొని మాట్లాడాలి. బిడ్డను అవ్వ దగ్గర వదలగలరా, సీజనల్ హాస్టల్లో చేర్చమంటారా అని అడిగి, అక్కడ చోటు ఖాయం చేశాకే వాళ్లను పంపాలి.